చిన్న కంపెనీకి సేల్స్ మనిషి: ఎవరిని తీసుకోవాలి, జీతమెంత, కమిషన్ ఎప్పుడివ్వాలి

జీడిమెట్లలోనో, చర్లపల్లిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాతిక ముప్పై మందితో నడిచే యూనిట్లు మొదటి సేల్స్ మనిషిని పెట్టుకునే తీరు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. ఓనరుకి తిరిగే తీరిక ఉండదు. తెలిసినవాళ్లు ఒకతన్ని పంపిస్తారు. మాట బాగుంటుంది, పాతిక వేలకు ఒప్పుకుంటాడు. కమిషన్ సంగతి అడిగితే "ముందు అమ్ము, చూసుకుందాంలే" అంటారు. ఎనిమిది నెలలకు అతను మానేస్తాడు. పుస్తకాల్లో రెండు మొండిబాకీలు, అతని సొంత ఫోన్లో వంద నంబర్లు మిగులుతాయి.

మనిషి మంచివాడు కాదని సరిపెట్టుకుంటారు గానీ, చాలాసార్లు లోపం జీతం లెక్కలో ఉంటుంది. బిల్లు మీద కమిషన్ ఇస్తే బిల్లులు తెస్తాడు, డబ్బు తేడు. టన్నేజీ మీద ఇస్తే రేటు కోసేసి టన్నులు తెస్తాడు. అందుకే ప్రకటన ఇవ్వకముందే కమిషన్ కాగితం రాసుకోవాలి. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే సాగుతుంది. ఉదాహరణకు నెలకు 40 లక్షల టర్నోవరుతో అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్‌ను తీసుకుందాం. ఫార్మా, ఫుడ్, ఇంజినీరింగ్ కంపెనీలు దాని పార్టీలు, అంటే కొనేవాళ్లు. మీ సరుకు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

మొదటి మెట్టు: మనిషిని పెట్టుకునే స్తోమత ఉందా?

మొదట ఒక సంగతి. ఇప్పుడున్న పార్టీల్లో కనీసం అయిదారుగురిని ఓనరే స్వయంగా, చుట్టరికంతో పనిలేకుండా, బయట తిరిగి సంపాదించి ఉండాలి. మీ పెట్టె ఎవరు ఎందుకు కొంటున్నారో మీకే తెలియకపోతే కొత్తగా వచ్చినవాడికి ఏం నేర్పుతారు? "వాడొచ్చి మార్కెట్ తెరుస్తాడు" అనుకుని పెట్టుకున్న జీతాలు చాలావరకు నీళ్లలో పోసినవే.

ఇక ఖర్చు. హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగైదేళ్ల అనుభవమున్న మనిషికి ఫిక్స్‌డ్ జీతం 32,000 అనుకుందాం. బండి మీద నెలకు 1,500 కిలోమీటర్లు, కిలోమీటరుకు 4 రూపాయల చొప్పున 6,000. ఫోనుకు 500. 15,000 పరిమితి మీద కంపెనీ వంతు పీఎఫ్, దాని ఇతర చార్జీలతో కలిపి సుమారు 1,950. శాంపిళ్లు, చిల్లర ఖర్చులు కలిపితే మొత్తం 42,000 దగ్గర తేలుతుంది.

పేపరు, గమ్ము, కూలి, కరెంటు, రవాణా పోగా మీకు మిగిలేది నూటికి 18 అనుకుంటే, ఈ 42,000 రాబట్టడానికే నెలకు 2.33 లక్షల కొత్త అమ్మకం కావాలి. అదీ మొదటి నెలలో రాదు. ఫార్మా కంపెనీలో వెండర్ కోడ్ (సరుకు ఇచ్చేవాళ్లుగా నమోదు) పడాలంటే శాంపిల్, ఆడిట్, ట్రయల్ లాట్ అంటూ నెలలు గడుస్తాయి. అందుకని ఆరు నెలల ఖర్చు, అంటే రెండున్నర లక్షలు, పోయినా ఫరవాలేదనుకునే డబ్బుగా పక్కన ఉండాలి.

చాలామంది వదిలేసే లెక్క ఇంకొకటుంది. అతను బాగా అమ్మాడే అనుకోండి, నెలకు 8 లక్షల కొత్త వ్యాపారం. అరవై రోజుల అప్పు మీద ఇస్తే ఎప్పుడు చూసినా 16 లక్షలు మార్కెట్లోనే ఉంటాయి. పేపరు మిల్లు మీకు అన్ని రోజులు ఆగదు, పెట్టె ఖరీదులో సగానికి పైగా పేపరుదే. పార్టీ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా జీఎస్టీ మాత్రం వచ్చే నెల 20లోగా మీరు కట్టాలి. సీసీ లిమిట్ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి) ఇప్పటికే అంచున ఉంటే మంచి సేల్స్ మనిషి వల్ల కూడా యూనిట్ ఊపిరాడక కూర్చుంటుంది. ముందు బ్యాంకు మేనేజరుతో మాట్లాడి, ఆ తర్వాతే మనిషిని చూడండి.

రెండో మెట్టు: కమిషన్ కాగితం

ఒక్క పేజీ దాటకూడదు. ఎనిమిదో తరగతి పిల్లాడు లెక్క వేయగలిగేలా ఉండాలి. ఇందులో అయిదు విషయాలు తేల్చాలి.

దేని మీద? జీఎస్టీ, రవాణా తీసేసిన బేసిక్ విలువ మీద. అందులోంచి రిజెక్షన్లకు పడిన డెబిట్ నోట్లు (సరుకు బాగాలేదని పార్టీ బిల్లులో కోసిన మొత్తాలు) కూడా తీసేయాలి. తప్పు ఫ్యాక్టరీదైతే ఏం చేయాలో కింద ఉదాహరణలో చూద్దాం.

ఎప్పుడు? డబ్బు మన ఖాతాలో పడ్డాక. చెక్కు చేతికి రావడం లెక్కలోకి రాదు, క్లియర్ కావాలి.

ఎంత? రోజులను బట్టి. బిల్లు తేదీ నుంచి 45 రోజుల్లోపు వస్తే ఒకటిన్నర శాతం, 46 నుంచి 60 రోజులైతే ఒక శాతం, 61 నుంచి 90 అయితే అర శాతం, ఆపైన సున్నా.

ఈ 45 ఊరికే పెట్టింది కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి, ఆ గడువులో చెల్లించని మొత్తాన్ని కొన్న కంపెనీ అసలు చెల్లించే ఏడాది వరకు ఖర్చుగా చూపుకోలేదు. ఏడాది చివర వాళ్ల అకౌంట్స్ విభాగం మన ఫోన్ ఎత్తేది ఇందుకే. కాబట్టి ఉద్యం నంబరు (ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) బిల్లు మీద అచ్చువేయండి, సర్టిఫికెట్ కాపీ సేల్స్ మనిషి బ్యాగులో ఉండాలి. వడ్డీ అడిగి పార్టీని పోగొట్టుకోమని కాదు, మాట్లాడేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుందని. మీది తయారీ కాకుండా ఉత్త ట్రేడింగ్ అయితే ఈ గడువు రక్షణ మీద ఆశపెట్టుకోవద్దు.

ఏ రేటుకు? రేట్ కార్డు ధరకు అమ్మితే పూర్తి కమిషన్. కార్డుకూ కనీస ధరకూ మధ్య అమ్మితే సగం. కనీస ధర కంటే తగ్గాలంటే ఓనరు సంతకం, కమిషన్ లేదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే ప్రతి కొటేషనూ "సార్, ఇంకో రూపాయి తగ్గిస్తే ఆర్డర్ మనదే" అనే ఫోనుతోనే ముగుస్తుంది.

ఏ పార్టీలు? ఇప్పటికే మీ దగ్గరున్న పార్టీల జాబితా కాగితానికి వెనక అతికించి, వాటి మీద కమిషన్ లేదని రాయండి. పన్నెండు నెలలుగా మన దగ్గర కొనని పార్టీ మళ్లీ కొంటే కొత్త పార్టీ కిందే లెక్క. ఓనరు తెచ్చి అతనికి అప్పగించిన పార్టీ మీద సగం రేటు. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి, పేర్లతో సహా రాసేయండి.

ఒక బిల్లుతో చూద్దాం. బేసిక్ 3,00,000. ప్రింటింగ్ చెదిరిందని 12,000కు డెబిట్ నోట్ వచ్చింది. మిగిలిన డబ్బు 52వ రోజున పడింది. రేట్ కార్డు ధరే. 2,88,000 మీద ఒక శాతం, అంటే 2,880. అదే 45 రోజుల్లో వచ్చుంటే 4,320. తేడా 1,440 రూపాయలు. ఆ డబ్బు కోసం అతను వారం ముందే అకౌంట్స్ వాళ్లకు ఫోన్ చేస్తాడు, మీరు గుర్తుచేయక్కర్లేదు. ప్రింటింగ్ తప్పు ఫ్యాక్టరీది కదా, అతని కమిషన్ ఎందుకు కోయాలనే ప్రశ్న వస్తుంది. మా అభిప్రాయం: ఆర్డర్ షీట్ సరిగా నింపి ఇచ్చి, తప్పు ప్రెస్‌లో జరిగితే కోయకండి. కొలత తప్పు రాసుకొచ్చింది అతనైతే కోయండి. ఏదైనా సరే, ముందే రాసిపెట్టండి.

నెలకు 8 లక్షల వసూలు నిలకడగా, 45 రోజుల్లోపే వస్తుంటే కమిషన్ 12,000. అప్పుడు మొత్తం 44,000లో ఫిక్స్‌డ్ మూడు వంతుల దగ్గర ఉంటుంది. బాక్సుల్లాంటి, మళ్లీ మళ్లీ ఆర్డరొచ్చే సరుకుకి ఇది సరైన పాళ్లు. మెషిన్లు అమ్మేవాళ్లకు కమిషన్ వాటా ఇంకా ఎక్కువుండొచ్చు. పదిహేను వేలు ఫిక్స్‌డ్, మిగతాదంతా కమిషన్ అంటే మాత్రం ఇంటద్దె కట్టాల్సినవాడు నిలవడు. నిలిచినవాడు ఇంకో కంపెనీ సరుకు కూడా అదే బ్యాగులో మోస్తాడు.

పీఎఫ్ తగ్గించుకుందామని బేసిక్ జీతం కుదించి మిగతాదంతా అలవెన్సులుగా, కమిషన్‌గా చూపే పాత కిటుకు ఇక సాగదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో అలవెన్సులు, కమిషన్ లాంటివన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర వేతనం కిందికే వస్తుంది. వృత్తి పన్ను తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 20,000 పైన నెలకు 200, అది అతని జీతంలోంచి కోసి కట్టాలి. కమిషన్ కూడా జీతంలో భాగమే, ఆదాయపు పన్ను లెక్కలో కలపాలి.

మొదటి నెలల్లో కమిషన్ పుట్టదు కాబట్టి నాలుగు నెలలపాటు నెలకు 4,000 గ్యారంటీ ఇవ్వండి, తర్వాత కోసుకోవద్దు. దాంతోపాటు మీరిద్దరూ కూర్చుని రాసుకున్న 60 కంపెనీల జాబితాలో ఒక్కో వెండర్ కోడ్‌కు 3,000, అందులో సగం మొదటి పేమెంటు వచ్చాక. అంతా ముందే ఇచ్చేస్తే ఆర్డర్ ఇవ్వని కంపెనీల్లో కోడ్‌లు మాత్రం పేరుకుపోతాయి.

మూడో మెట్టు: వెతకడం

నౌకరీ, అప్నా, లింక్డిన్ లాంటి ఉద్యోగాల సైట్లు అన్నీ వాడొచ్చు. ప్రకటనలో ఫిక్స్‌డ్ ఎంత, మామూలుగా వచ్చే కమిషన్ ఎంత, ఏయే ఏరియా తిరగాలి అన్నవి రాసేయండి. "ఆకర్షణీయమైన జీతం" అని రాస్తే పనికిరాని ఫోన్లు యాభై వస్తాయి.

మంచి మనుషులు దొరికే చోటు వేరే ఉంది. మీ పార్టీల దగ్గర పర్చేజ్ మేనేజర్లను అడగండి: "మీ దగ్గరకు వచ్చే సేల్స్‌వాళ్లలో, సరుకు లేటయినప్పుడు కూడా ఫోన్ ఎత్తేది ఎవరండీ?" వాళ్లు ఒకటో రెండో పేర్లు చెబుతారు. ఆ మనుషులు బాప్ టేపులు (పెట్టెలకు అంటించే ప్లాస్టిక్ టేపులు), లేబుళ్లు, స్ట్రెచ్ ఫిల్మ్, ష్రింక్ రోల్స్ అమ్మేవాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లు తిరిగేది అవే గేట్లు, కలిసేది అదే పర్చేజ్ విభాగం, మీ సరుకు మాత్రం కొత్త.

ఇద్దరితో జాగ్రత్త. ఒకరు, పెద్ద కంపెనీ కార్డుతో పదేళ్లు తిరిగినవాడు. ఆ తలుపులు తెరిచింది కంపెనీ పేరు. మీ యూనిట్ పేరు చెబితే గేటు దగ్గర సెక్యూరిటీ కూర్చోబెడతాడు, అది అతనికి అలవాటుండదు. రెండోవాడు "నా పార్టీలన్నీ తెస్తా" అనేవాడు. తెస్తే తెస్తాడు, రేపు మీ దగ్గర్నుంచి పట్టుకుపోయేదీ అతనే.

నాలుగో మెట్టు: పరీక్షించడం

ఫోన్లో పదిహేను నిమిషాలు చాలు. చివర్లో "రేపు పదకొండుకి మీరే ఫోన్ చేయండి" అని పెట్టేయండి. చేయనివాడు పార్టీకీ చేయడు.

ఎదురుగా కూర్చున్నాక పొగడ్తలు, లక్ష్యాలు వదిలేసి, గత ఏడాది అతను తెచ్చిన ఒక్క ఆర్డర్ మొదట్నుంచి చివరిదాకా చెప్పమనండి. ఎవరు కొన్నారు? ఎన్నిసార్లు వెళ్లాడు? ఎవరు అడ్డుపడ్డారు? ఎంత రేటుకు మొదలై ఎంతకు ఖాయమైంది? డబ్బు ఎన్నో రోజున వచ్చింది? నిజంగా అమ్మినవాడికి ఆ స్టోర్స్ ఇన్‌చార్జ్ పేరు కూడా గుర్తుంటుంది. చెప్పుకోవడమే తప్ప అమ్మనివాడు మూడో ప్రశ్నకే "టీమ్ వర్క్ సార్" అంటాడు. ఆర్నెల్ల పే స్లిప్పులు అడిగి, ఇన్సెంటివ్ నిజంగా పడిందో లేదో చూడండి.

తర్వాత బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టండి. ఏదో ఒక కంపెనీ వాడుతున్నది, "దీనికి మనం కొటేషన్ ఇవ్వాలి, పార్టీని ఏం అడుగుతావు?" అనండి. పొడవు వెడల్పు ఎత్తు అడగడం అందరూ చేసేదే. లోపల ఎంత బరువు పెడతారు, ఒకదాని మీద ఒకటి ఎన్ని వరసలు పేరుస్తారు, గోడౌన్లో వానాకాలం చెమ్మ ఉంటుందా, నెలకు ఎన్ని పెట్టెలు, ఇప్పుడు ఇచ్చేవాళ్లతో ఇబ్బందేమిటి అని అడిగినవాడు మీకు కావలసిన మనిషి. పెట్టె గురించి తెలియకపోయినా ఫరవాలేదు, అది నేర్పొచ్చు. అడగడం నేర్పడం కష్టం.

బేరం పరీక్ష కూడా పెట్టండి. "పక్కవాడు రెండు రూపాయలు తక్కువిస్తున్నాడు" అని మీరే పార్టీలా మాట్లాడండి, సగం తెలుగులో, సగం హిందీలో. వెంటనే తగ్గిస్తానన్నవాడు రేపు మీ మార్జిన్ తగ్గిస్తాడు. అక్కడే కూర్చోబెట్టి ఇంగ్లీషులో నాలుగు వాక్యాల మెయిల్ కూడా రాయించండి.

చివరికి మిగిలిన ఇద్దర్నీ ఒక్కో రోజు మార్కెట్‌కు తీసుకెళ్లండి. పాశమైలారమో బొల్లారమో, నాలుగు కంపెనీలు. ఆ రోజుకు వెయ్యి రూపాయలు ఇవ్వండి, ఊరికే తిప్పుకోవద్దు. గేటు దగ్గర, రిసెప్షన్ దగ్గర ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. ఇక వాకబు విషయం: పాత యజమానిని కాకుండా అతని పాత పార్టీలు ఇద్దర్ని అడగండి. ప్రస్తుతం పనిచేస్తున్న కంపెనీకి ఫోన్ చేసి అతని ఉద్యోగానికి ఎసరు పెట్టకండి.

అయిదో మెట్టు: అపాయింట్‌మెంట్ లెటర్

ఫిక్స్‌డ్, ప్రయాణ భత్యం, నోటీసు, ఆరు నెలల ప్రొబేషన్, వెనక కమిషన్ కాగితం. సిమ్ కంపెనీది, వాట్సాప్ బిజినెస్ నంబరు కంపెనీది, పార్టీల వివరాలున్న షీటు కంపెనీది. నగదు వసూలు చేయకూడదని విడిగా ఒక వాక్యం ఉండాలి. ప్రతి పేమెంటూ కంపెనీ ఖాతాకే రావాలి. ఒక పార్టీ డబ్బు వాడుకుని ఇంకో పార్టీ డబ్బుతో సర్దడం మొదలైతే ఏడాది దాకా బయటపడదు. అందుకే నెలకోసారి ఆఫీసు నుంచి నేరుగా పార్టీల అకౌంట్స్‌కు బ్యాలెన్స్ స్టేట్‌మెంట్ పంపాలి, అతని ద్వారా కాదు. పర్చేజ్‌లో ఎవరైనా పర్సంటేజీ (లోపాయికారీ కమిషన్) అడిగితే ఏం చేయాలో కూడా మొదటి రోజే చెప్పండి. "చూసుకో" అని వదిలేస్తే అది పెట్రోలు ఖర్చులో కలిసి వస్తుంది.

"మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదు" అని రాయించుకోవడం దండగ. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద అలాంటి షరతు చెల్లదు. మన రేట్లు, కాస్టింగ్ (తయారీ ఖర్చు లెక్క) బయటపెట్టకూడదన్న గోప్యత షరతు మాత్రం రాయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, తేదీ లేని చెక్కులు తీసుకోవడం లాంటివి చేస్తే వేరే దారి ఉన్న మంచి మనిషి ఆ గదిలోంచే లేచి వెళ్లిపోతాడు.

ఆరో మెట్టు: మొదటి ఆరు నెలలు

మొదటి రెండు వారాలు బయటికి పంపకండి, ఫ్యాక్టరీలో ఉంచండి. పార్టీ పెట్టెలోంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి నీళ్లలో వేయమనండి. కాసేపటికి గమ్ము వదిలి పొరలు విడిపోతాయి. పై పొరను ఆరబెట్టి త్రాసు మీద పెడితే ఎన్ని గ్రాములొస్తే దానికి వందరెట్లు జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు పేపరు ఎన్ని గ్రాములో చెప్పే అంకె. 1.5 గ్రాములు తూగితే 150 అన్నమాట. పార్టీ "మాకు 180 ఇస్తున్నారు" అంటున్న పెట్టె చాలాసార్లు 150 దగ్గర తేలుతుంది. ఈ పని తన చేత్తో చేసినవాడు రేటు గురించి వాదించడు, ఆరిన ముక్కను చూపిస్తాడు. కాస్టింగ్ షీటు, రిజెక్షన్ల రిజిస్టరు కూడా ఈ రెండు వారాల్లోనే చదివించాలి.

మూడు, నాలుగు వారాలు మీతో పాత పార్టీల దగ్గరకు. రెండో నెల నుంచి ఒంటరిగా. రోజుకు నాలుగు కంపెనీలు కలిస్తే మంచి పని జరిగినట్టే. పది రాసుకొస్తే సగం గేటు దాకా వెళ్లినవే. రిపోర్టుకు గూగుల్ షీట్ చాలు: కంపెనీ, కొనేది ఎవరు, నెలకు ఎన్ని పెట్టెలు, ఇప్పుడెవరిస్తున్నారు, చివరగా ఏం మాట్లాడాడు, మళ్లీ ఎప్పుడు. చివరి గడి ఖాళీగా ఉన్న వరుస చచ్చిన వరుస. సోమవారం ఉదయం అరగంట ఇద్దరూ ఆ షీటే చూడాలి.

రేటు కాంట్రాక్టు మీద కన్నేయండి. పెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపర్ ధర నెలనెలా కదులుతుంటే ఆరు నెలలు ఒకే రేటని సంతకం పెట్టి రావడం కొత్తవాళ్లు చేసే తప్పు. పేపరు ధర ఇంత శాతం మారితే పెట్టె రేటు మారుతుందన్న షరతు లేకుండా సంతకం వద్దు.

మూడో నెలాఖరుకు పది చోట్ల శాంపిల్ లేదా కొటేషన్ నడుస్తుండాలి. ఆరో నెలాఖరుకు వసూలైన కొత్త అమ్మకం కనీసం 2.33 లక్షలు తాకాలి. మూడు నెలలకే ఆర్డర్లు లేవని తీసేయడం తొందరపాటు. షీటులో కదలిక లేకపోయినా మొహమాటానికి ఏడాది లాగడం అంతకంటే పెద్ద తప్పు.

ఓనర్ల వైపు జరిగేవి రెండున్నాయి. ఒకటి, అతను తెచ్చిన మొదటి ఆర్డరును పాత పార్టీ కోసం వెనక్కి నెట్టడం. రెండుసార్లు అలా జరిగితే అతను మళ్లీ ఆ గేటు తొక్కలేడు. రెండోది, ఒక నెల కమిషన్ 30,000 దాటగానే "ఇది కాస్త ఎక్కువైంది" అని రేటు మార్చడం. కాగితం మార్చాలంటే ఏప్రిల్‌లోనే, అదీ రాబోయే పార్టీలకే. కమిషన్ ప్రతి నెలా జీతంతోపాటే, బిల్లువారీ లెక్క కాగితం జతచేసి ఇవ్వండి.

జీతగాడు వద్దు, ఏజెంటు చాలనుకుంటే

మీకు మనిషి లేని ఊళ్లకు ఇది పనికొస్తుంది. జీతం ఉండదు, వసూలైన విలువ మీద రెండు మూడు శాతం. ఏడాదిలో ఇచ్చే కమిషన్ 20,000 దాటితే 2 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) కోయాలి. మీది సొంత యాజమాన్యమైతే ముందు ఏడాది టర్నోవరు కోటి దాటి ఉంటేనే ఈ బాధ్యత. ఏజెంటు సంచిలో మీతోపాటు ఇంకో ముగ్గురి కొటేషన్లూ ఉంటాయి, పార్టీ అతనిదే గానీ మీది కాదు. ఆ సంగతి తెలిసి పెట్టుకుంటే తప్పులేదు.

మనిషి మానేసినప్పుడు

అతను రాజీనామా చేసినా, మీరు తీసేసినా, కొత్త వేతనాల కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో వేతన బకాయి తీర్చాలి. ఇంకా వసూలు కాని బిల్లుల మీద కమిషన్ సంగతి కాగితంలోనే ఉండాలి: మానేసిన 60 రోజుల్లోపు వచ్చిన పేమెంట్లకు అదే లెక్కన ఇస్తామని రాయడం న్యాయం. అలా రాస్తే వెళ్లే ముందు నెలలో అతను కలెక్షన్ ఆపడు. ఆ వారంలోనే సిమ్, షీటు, శాంపిళ్లు తీసుకుని, అతను చూసిన ప్రతి పార్టీకీ ఓనరు స్వయంగా వెళ్లాలి. ఆ పర్చేజ్ మేనేజర్లకు మీ మొహం అంతకుముందే తెలిసుండాలంటే, మూడు నెలలకోసారైనా అతనితోపాటు వెళ్లి టీ తాగి వస్తూ ఉండండి.